తెలుగు మాటలు రాయడానికి రూన్ల తరహా సొంత లిపి ఎట్టా కట్టుకోవాలి

కావలి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. తను రాస్తున్న ఫాంటసీ కథలో ఒక కొండజాతికి సొంత లిపి కావాలి. నెట్‌లో దొరికిన 24 రూన్లను, అంటే ఉత్తర ఐరోపాలో పాతకాలంలో చెక్క మీద, రాతి మీద చెక్కిన అక్షరాలను, ఇంగ్లిష్ ఏ, బీ, సీ, డీలకు సరిపెట్టుకున్నాడు. తీరా ఊళ్ళ పేర్లు రాయబోతే ట, త ఒకటైపోయాయి, ళ కు చోటు లేదు, 'పలు'కీ 'పాలు'కీ తేడా తెలియడం లేదు. ఆ లిపిలోనే ఒక పేరును ఉదయగిరి చెక్క గరిటె పిడి మీద చెక్కి స్నేహితుడికి ఇవ్వాలని కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, ముందు ఆ ఇంగ్లిష్ పట్టిక తీసి పక్కన పెట్టు. రూన్లలో అరువు తెచ్చుకోదగింది వాటి బొమ్మలకన్నా వాటి వెనక ఉన్న కట్టుబాట్లు. అవి పట్టుకుంటే నువ్వు గీసిన కొత్త అక్షరం కూడా రూన్ లాగే కనిపిస్తుంది. బొమ్మలు మాత్రమే ఎత్తుకొస్తే ఎక్కడిదో లిపికి తెలుగు తొడుగు వేసినట్టే ఉంటుంది.

నువ్వు తీసుకున్న 24 రూన్ల వరసను పెద్ద ఫుథార్క్ అంటారు. మొదటి ఆరు అక్షరాల శబ్దాలు కలిపితే వచ్చిన పేరు అది. సుమారు క్రీ.శ. 150 నుంచి 800 దాకా వాడారు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో దొరికిన కిల్వర్ రాయి మీద, దాదాపు 400 నాటిది, ఈ 24 వరసగా చెక్కి ఉన్నాయి. వైకింగులు ఓడలెక్కి తిరిగిన కాలానికి ఆ వరస పోయి 16 అక్షరాల చిన్న ఫుథార్క్ వచ్చేసింది. భాషలో శబ్దాలు పెరిగాయి, అక్షరాలు తగ్గాయి. క, గ రెండింటికీ ఒకటే గుర్తు, త, ద లకు ఒకటే, ప, బ లకు ఒకటే. చదివేవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. ఆ ఇబ్బంది వాళ్ళకూ తెలిసింది కాబట్టే తర్వాత క గుర్తుకు చుక్క పెట్టి గ, ఇ గుర్తుకు చుక్క పెట్టి ఎ రాయడం మొదలైంది. నీ లిపికి ఈ చుక్క పద్ధతి బాగా పనికొస్తుంది, కింద చెబుతాను.

ఆకారాల సంగతికొస్తే, రూన్లలో నిలువు గీతలు, ఏటవాలు గీతలే ఉంటాయి. అడ్డగీత, వంపు దాదాపు కనిపించవు. కర్రముక్కను అడ్డంగా పట్టుకుని చెక్కేటప్పుడు పోగులు ఎడమ నుంచి కుడికి నడుస్తుంటాయి. నిలువు గీత పోగులను కోస్తుంది కాబట్టి స్పష్టంగా నిలుస్తుంది. అడ్డగీత పోగుల వెంటే పోతుంది కాబట్టి కర్ర చీలుతుంది, లేదా గీత పోగుల్లో కలిసిపోతుంది. మన లిపికి వచ్చిన బెడద దీనికి వేరే రకం. తాటాకు మీద గంటంతో ఈనె వెంబడి తిన్నగా గీస్తే ఆకు చిరుగుతుంది. మన అక్షరాలు గుండ్రబడటానికి లిపి చరిత్రకారులు ప్రధానంగా చెప్పే కారణం ఇదే. 9వ శతాబ్దపు అద్దంకి శాసనం రాతి మీద ఉన్నదే, అయినా అక్షరాల్లో వంపులు పోలేదు. అందుకని నీ కథలోని కొండజాతి దేనితో, దేని మీద రాస్తుందో ముందు తేల్చుకో. చెక్క మీద కత్తితో అయితే రూన్ల కట్టుబాట్లు యథాతథంగా సరిపోతాయి. వెదురు బద్ద మీద అయినా అంతే.

ఇక శబ్దాల లెక్క. అసలు పని ఇక్కడే ఉంది. అందరూ తొందరపడేదీ ఇక్కడే.

యాభై ఆరు అక్షరాలకూ యాభై ఆరు గుర్తులు గీస్తే ఎవరికీ గుర్తుండవు, నీకూ గుర్తుండవు. కుదించాలి. అచ్చులు ఐదు చాలు: అ, ఇ, ఉ, ఎ, ఒ. దీర్ఘానికి ఒక గుర్తు. ఐ అంటే అ పక్కన య, ఔ అంటే అ పక్కన వ. ఋ బదులు ర, ఉ. హల్లుల్లో ఒత్తక్షరాలకు వేరే గుర్తులు వద్దు: బ పక్కన హ రాస్తే భ, ప పక్కన హ రాస్తే ఫ. శ, ష లకు ఒకటే గుర్తు పెట్టు, స ను విడిగా ఉంచు. క్ష కు క, శ. ణ అంటే చుక్క పెట్టిన న, ళ అంటే చుక్క పెట్టిన ల. సున్నకు గుర్తు అక్కర్లేదు. మాట మధ్యలో న రాస్తే చాలు, ప, బ ల ముందు నోరే దాన్ని మ చేస్తుంది. 'పుస్తకం' లాంటి మాటల చివర మ రాయి.

ఇప్పుడు లెక్కేస్తే హల్లులు క గ చ జ ట డ త ద ప బ మ న య ర ల వ శ స హ, మొత్తం 19. అచ్చులు 5. కలిపితే 24. పెద్ద ఫుథార్క్‌లో అక్షరాలను ఎనిమిదేసి చొప్పున మూడు గుంపులు చేశారు. మనకూ అట్టాగే కుదిరింది: మొదటి గుంపు క గ చ జ ట డ త ద, రెండో గుంపు ప బ మ న య ర ల వ, మూడో గుంపు శ స హ అ ఇ ఉ ఎ ఒ. ఈ గుంపులను చెడగొట్టొద్దు, చివర్లో రహస్య రాతకు ఇవే ఆధారం.

తర్వాత తేల్చుకోవాల్సింది అచ్చుల రాత. మన అలవాటులో క అంటే అందులోనే అ ఉంది. రూన్లలో ప్రతి శబ్దానికీ విడిగా గుర్తు పడాల్సిందే. ఏది మంచిది? రాసి చూస్తే తేలుతుంది. 'కావలి'ని మన పద్ధతిలో, అ ను కలిపేసి రాస్తే క ఆ వ ల ఇ, ఐదు గుర్తులు. అన్నీ విడగొడితే క ఆ వ అ ల ఇ, ఆరు. 'నెల్లూరు' ఎట్టా రాసినా ఏడే: న ఎ ల ల ఊ ర ఉ. పైగా మన పద్ధతిలో మొదటి ల కింద అ లేదని చెప్పడానికి పొల్లు గుర్తు కూడా పెట్టాలి. 'అద్దంకి'కి ఒక్క అక్షరం మిగిలించుకోవడానికి రెండు పొల్లులు పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకని నా మాట విని అన్ని అచ్చులూ విడిగానే రాయి. ద్విత్వం, సంయుక్తం, ఒత్తులు, పొల్లు అన్నీ ఒక్క దెబ్బతో తేలిపోతాయి. బ పక్కన వెంటనే హ వస్తే భ అని నిశ్చయంగా తెలిసేదీ ఇందువల్లే. 'బహు' రాయాలంటే మధ్యలో అ పడుతుంది కదా.

ఒక్కచోట మాత్రం రూన్లను అనుసరించొద్దు. పాత రాతల్లో జంట అక్షరాన్ని తరచూ ఒకసారే చెక్కేవాళ్ళు, ద, త ల ముందు వచ్చే న ను వదిలేసేవాళ్ళు. అచ్చుల పొడుగూ చూపేవాళ్ళు కారు. వాళ్ళ భాషకు అది చెల్లింది. తెలుగులో 'గది', 'గద్ది', 'గాది' మూడూ వేరు. 'కద', 'కంద' వేరు. జంట ఉంటే రెండుసార్లు రాయి, న ను వదలకు, దీర్ఘం తప్పకుండా పెట్టు.

ఆకారాలకు సరుకు ఇది: నిలువు గీత, పైకి పోయే కొమ్మ, కిందికి దిగే కొమ్మ, నిలువును దాటిపోయే ఏటవాలు గీత, త్రికోణం, నిలువు లేని కోణం. పెద్ద ఫుథార్క్‌లో చాలా అక్షరాలు రెండు నుంచి నాలుగు గీతల్లో అయిపోతాయి. నువ్వూ నాలుగు దాటకు. జంట త్రికోణానికీ, జంట బాణం మొనకూ మాత్రం ఐదు.

క-గ, త-ద లాంటి జతలకు ఒకే బొమ్మ, రెండో శబ్దానికి అదే గీత రెట్టింపు. క: నిలువు గీత మధ్య నుంచి కుడిపక్క పైకి ఒక కొమ్మ. గ: అదే కొమ్మ, దాని కింద సమాంతరంగా ఇంకొకటి. త: నిలువు గీత కొసన బాణం మొన. ద: రెండు మొనలు, ఒకదాని కింద ఒకటి. ట: నిలువును మధ్యలో దాటిపోయే ఒక ఏటవాలు గీత. డ: రెండు గీతలు. ప: కుడిపక్క నడుమున ఒక త్రికోణం. బ: పైన ఒకటి, కింద ఒకటి. చ: నిలువు లేకుండా ఒక్క కోణం. జ: ఎదురెదురుగా రెండు కోణాలు. ఇక్కడ గ, ద, డ లకు చుక్క ఎందుకు వాడలేదంటే, ఇవి అడుగడుగునా వస్తాయి, చెక్క మీద చుక్క త్వరగా అరిగిపోతుంది, నూనె మడ్డితో పూడిపోతుంది. చుక్కను ణ, ళ వంటి తక్కువగా వచ్చే వాటికే ఉంచుకో.

అచ్చులు ఒక కుటుంబంగా ఉండాలి. అ అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది కాబట్టి ఒట్టి నిలువు గీత. ఇ: పై కొస నుంచి కుడికి దిగే చిన్న కొమ్మ. ఎ: అట్టాంటివి రెండు. ఉ: పై కొస నుంచి కుడికి అడుగుదాకా దిగే పొడుగాటి గీత. ఒ: దాని లోపల ఇంకో చిన్న గీత. దీర్ఘానికి నిలువు గీత అడుగున ఎడమవైపుకు చిన్న కొక్కెం.

మిగతా తొమ్మిది హల్లులు నువ్వే గీసుకో, అప్పుడే అది నీ లిపి. ఒక్క షరతు, రెండు నిలువు గీతల అక్షరం గీయొద్దు. పాత హ, మ, ద రూన్లలో రెండేసి నిలువులు ఉన్నాయి. నీకు అ అంటే ఒట్టి నిలువు గీత. దాని పక్కన మరో అక్షరం పడగానే రెండూ కలిసి అట్టాంటి అక్షరంలా కనిపిస్తాయి.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పద్ధతి మరీ ఎక్కువైపోవడం. నాలుక ఆనే చోటును బట్టి కొమ్మ ఎత్తు, గొంతు మోగితే కుడి, మోగకపోతే ఎడమ అంటూ సూత్రం కడితే పట్టిక ముచ్చటగానే ఉంటుంది. చదవబోతే ప్రతి అక్షరమూ పక్కదానిలానే ఉంటుంది. కన్ను కొమ్మలు లెక్కపెట్టదు, మొత్తం ఆకారాన్ని పట్టుకుంటుంది. కాబట్టి జత లోపల పోలిక ఉండనీ, జతకూ జతకూ మధ్య ఉండొద్దు. గీసిన 24నూ అద్దంలో చూడు, తలకిందులు చేసి చూడు. ఒకటి మరొకటిగా మారితే దాన్ని మార్చు. లాకెట్ మీద చెక్కితే అది తిరగబడుతుంది. పాతకాలంలో ఒక వరస ఎడమ నుంచి, మరుసటి వరస కుడి నుంచి అక్షరాలను తిప్పి చెక్కిన రాళ్ళూ ఉన్నాయి. నీ కథలో అట్టాంటి శాసనం పెట్టాలనుకున్నా ఈ పరీక్ష అవసరం.

స గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత స రూన్ మెరుపు గీతలా ఉంటుంది. దాన్నే పెట్టుకుంటే 'బస్సు' అని రాసిన ప్రతిసారీ రెండు మెరుపులు పక్కపక్కన పడతాయి. అది హిట్లర్ ఎస్.ఎస్. దళం గుర్తు. తెలిసిన వాళ్ళు చూస్తే ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. స కు వేరే ఆకారం పెట్టు. కింద కాళ్ళున్న డైమండ్ ఆకారపు రూన్‌ను కూడా నాజీలు వాడుకున్నారు, దాన్నీ వదిలెయ్. నెట్‌లో '18 ప్రాచీన రూన్లు' అని కనిపించే పట్టిక ప్రాచీనం కాదు. ఆస్ట్రియాకు చెందిన గీడో ఫాన్ లిస్ట్ 1908లో ప్రచురించింది.

ప్రతి రూన్‌కూ ఒక పేరుంటుంది, ఒకటి రెండు తప్ప ఆ పేరు ఆ శబ్దంతోనే మొదలవుతుంది. వరసలో మొట్టమొదటి రూన్ పేరుకు అర్థం పశుసంపద. నీ లిపికి ఎ ను ఎద్దు అను, ఒంగోలు సీమలో అంతకన్నా తగిన పేరు లేదు. అ కు అల, ఇ కు ఇసుక, ఉ కు ఉప్పు, ఒ కు ఒడ్డు, చ కు చేప, ట కు టెంకాయ, త కు తాడి, ప కు పడవ, ర కు రేవు, వ కు వరి. య కు యాతం పెట్టుకోవచ్చు. పేర్లు పెట్టిన అక్షరాలు త్వరగా నోటికొస్తాయి. నార్వే, ఐస్‌లాండ్‌లలో రూన్ల పేర్ల మీద ఒక్కోదానికి ఒక్కో పద్యం ఉండేది. నువ్వు 24 ఆటవెలదులు రాస్తే నీ కొండజాతి పిల్లలకు అక్షరాభ్యాసం పాఠం సిద్ధమైనట్టే. అది కథలో ఎంత అందంగా అమరుతుందో ఆలోచించు.

ఇక చెక్కడం. గరిటె మీద నేరుగా కత్తి పెట్టొద్దు. ముందు మార్కాపురం రాతి పలక మీద బలపంతో గీసి గీసి చేతికి అలవాటు చేసుకో. పాత పలక దొరికితే కాంక్రీటు మేకు మొనతో గీసి కూడా చూడు. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. రెండు గీతలు మరీ సన్నటి కోణంలో కలిసేచోట పెచ్చు లేస్తుంది. ఎక్కడ లేస్తే అక్కడ నీ అక్షరం బిగువుగా ఉందని అర్థం, కోణం పెంచు.

తర్వాత వడ్రంగి దగ్గర టేకు ముక్క అడుగు. సరుగుడు చాలా గట్టి, చేయి తిరగనివాళ్ళకు కత్తి జారుతుంది. జామాయిల్ ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది. టేకులో పోగు కంటికి కనిపిస్తుంది, నేర్చుకునేవాళ్ళకు అది మేలు. కొమ్మకూ నిలువు గీతకూ మధ్య కోణం 35 నుంచి 50 డిగ్రీలు ఉంచు. 30 కన్నా తగ్గితే మధ్యలో మిగిలే సన్న చెక్క ఊడిపోతుంది. 60 దాటితే కొమ్మ దాదాపు అడ్డగీత అయిపోయి కత్తి పోగు వెంట పారిపోతుంది.

గరిటె పిడికి అక్షరం ఎత్తు 10 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఒక్కో అక్షరం వెడల్పు 4, మధ్య ఎడం 3. 'ఉదయగిరి' అంటే ఉ ద అ య అ గ ఇ ర ఇ, తొమ్మిది అక్షరాలు, 60 మిల్లీమీటర్లు పడుతుంది. ముందే పెన్సిల్‌తో కొలిచి గీసుకో, లేకపోతే చివరి రెండక్షరాలు ఇరుక్కుపోతాయి. ఎడం 3 కన్నా తగ్గించకు. తగ్గితే ఒకదాని కొమ్మ పక్కదాని నిలువుకు తగిలి కొత్త అక్షరం పుడుతుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలకుండా నిలువుగా రెండు చుక్కలు పెట్టు, పాతవాళ్ళు పెట్టినట్టే.

ముందు పిడికి నూనె పట్టించి రెండు రోజులు ఆరనివ్వు. తర్వాత సన్నటి పదునైన కత్తితో నిలువు గీతలన్నీ కోయి. ఒక పక్క నుంచి వాలుగా ఒక కోత, ఎదుటి పక్క నుంచి ఇంకో కోత, అడుగున రెండూ కలవాలి. లోతు 1 మిల్లీమీటరు, పైన వెడల్పు అంతకు కాస్త ఎక్కువ. ఆ తర్వాత కొమ్మలు. బయటి కొస నుంచి మొదలుపెట్టి నిలువు గీత గాడిలోకి వచ్చి ఆగు. కత్తి కాస్త ముందుకు జారినా గాడిలోనే పడుతుంది. చుక్కలు అన్నిటికన్నా చివర, కత్తి మొనను తిప్పి. కోసేటప్పుడు పిడి పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ కత్తి వెనకే ఉండాలి.

రంగు పెట్టాలంటే కావి ఉంది. పాత రూన్ రాళ్ళ మీదా ఎరుపు రంగు ఆనవాళ్ళు దొరికాయి. మెత్తటి కావిని అవిసె నూనెలో చిక్కగా కలిపి గాడుల్లో వేలితో నింపి, పైన అంటింది వెంటనే గుడ్డతో తుడిచెయ్. ముందే నూనె పట్టించమన్నది ఇందుకే. పచ్చి చెక్క మీద పెడితే రంగు పోగుల్లోకి పాకి అక్షరం అంచు చెదిరిపోతుంది. ఆ గరిటెను వంటకు వాడేట్టయితే రంగు వద్దు, చెక్కడం కూడా పిడి కొస దగ్గరే చెయ్యి. గాడుల్లో కూర చేరితే శుభ్రం కాదు.

రెండు అక్షరాలను ఒకే నిలువు గీత మీద ఎక్కించి రాయడం రూన్లలో ఉంది. ఫోన్‌లోని బ్లూటూత్ గుర్తు అట్టాంటిదే, హెరాల్డ్ బ్లూటూత్ రాజు పేరులోని రెండు పొడి అక్షరాలు కలిపింది. చూడగానే మన గుణింతం గుర్తొచ్చి ప్రతి హల్లుకూ అచ్చు ఎక్కించాలనిపిస్తుంది. పేరుకు ఒక్కటి చాలు, ఎక్కువైతే చదవలేం.

రహస్య రాత తేలిక. నిలువు గీతకు ఎడమ పక్క గుంపు సంఖ్య అన్ని కొమ్మలు, కుడి పక్క ఆ గుంపులో ఎన్నో అక్షరమో అన్ని కొమ్మలు. ర రెండో గుంపులో ఆరోది, ఎడమ రెండు, కుడి ఆరు. స్వీడన్‌లోని 9వ శతాబ్దపు రోక్ రాయి మీద, సుమారు 760 అక్షరాలున్న రాయి అది, ఇట్టా గుంపు, వరస సంఖ్యలతో దాచిన రాత ఉంది.

కంప్యూటర్‌లో టైప్ చేయాలంటే ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ ఉచితంగా దొరుకుతుంది. నీ అక్షరాలను యూనికోడ్ తెలుగు అక్షరాల స్థానాల్లో పెట్టొద్దు, గుణింతాలు కలిపే యంత్రాంగం అడ్డం పడి బొమ్మలు చెల్లాచెదురవుతాయి. అసలు రూన్లకు యూనికోడ్‌లో 1999 నుంచి సొంత చోటు ఉంది, వాటి మీదా పెట్టొద్దు. యూనికోడ్‌లో ఎవరి సొంత గుర్తులకు వాళ్ళు వాడుకునేందుకు వదిలిన ప్రైవేట్ యూజ్ ఏరియాలో 6,400 ఖాళీ స్థానాలున్నాయి, అక్కడ పెట్టు. ఫాంట్ లేని వాళ్ళకు డబ్బాలే కనిపిస్తాయి కాబట్టి పంపేటప్పుడు బొమ్మగా పంపు.

24 గీశాక ఈ పేర్లు రాసి ఫొటో పెట్టు: మర్రిపాడు, వింజమూరు, గిద్దలూరు, ఉలవపాడు, దోర్నాల, కనిగిరి, ఆత్మకూరు. జంట ర, చ జ ల ముందు న, జంట ద, దీర్ఘాలు, సంయుక్తాలు అన్నీ వీటిలో ఉన్నాయి. వారం ఆగి, పట్టిక చూడకుండా వాటిని నువ్వే చదివి, ఎక్కడ తడబడ్డావో ఆ అక్షరాలు కూడా రాసి పెట్టు. ఏది మార్చాలో అప్పుడు చెప్పడం సులువు.